నాన్న పోరాడిన కొండలు చూడాలంటే: ద్రాస్, కార్గిల్ యాత్ర

ద్రాస్‌లోని కార్గిల్ యుద్ధ స్మారకం శ్రీనగర్–లేహ్ రోడ్డు పక్కనే ఉంటుంది. అందుకే టూర్ బండ్లన్నీ అక్కడ ఆగుతాయి, కాసేపట్లోనే మళ్లీ కదులుతాయి. 1999లో నాన్న ఆ కొండల్లో పోరాడిన ఇంటివాళ్లకు ఆ కాస్త సమయం ఏమూలకూ చాలదు. సొంతంగా ట్యాక్సీ మాట్లాడుకుని, ఒక పూటంతా అక్కడే గడిపేలా వెళ్లాలి.

బయల్దేరే ముందు బీరువాలోంచి నాన్న డిశ్చార్జ్ బుక్కు తీయండి. రెజిమెంటు, బెటాలియన్ నంబరు రాసుకోండి. మెడల్స్‌లో ఆపరేషన్ విజయ్ స్టార్ ఉంటే యుద్ధం జరిగిన ప్రాంతంలోనే పనిచేశారని అర్థం. ఆయన మన మధ్య ఉంటే కొండ పేరు కూడా అడిగి తెలుసుకోండి. 'కార్గిల్‌లో చేశారు' అన్న మాట ఒక్కటే సరిపోదు. ద్రాస్, ముష్కో, కాక్సర్, బటాలిక్ వేర్వేరు సెక్టార్లు. బటాలిక్‌లో పోరాడినవారి శిఖరాలు ద్రాస్ నుంచి కనిపించవు. వాటికోసం కార్గిల్ నుంచి ఇంకో రోజు పెట్టుకోవాలి. రోడ్డు, అనుమతుల సంగతి కార్గిల్‌లోనే కనుక్కుని కదలాలి.

స్మారకం గేటు దగ్గర్నుంచి గోడ దాకా నడిచే దారి పేరు విజయపథం. ఎదురుగా నిలబడేది తోలోలింగ్ శిఖరం. డ్యూటీలో ఉన్న జవాన్లు ఏ శిఖరం ఏదో చూపిస్తారు. బెటాలియన్ నంబరు చెప్పి అడిగితే ఇంకా బాగా వివరిస్తారు. గోడ మీద అమరుల పేర్లే ఉంటాయి, క్షేమంగా తిరిగొచ్చిన నాన్న పేరు కనిపించదు. ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి. పెద్దాయన వెతికేది తన జోడీదార్, అంటే పక్కనే ఉండి పోరాడిన సహచరుడి పేరు. అది దొరికితే ఆయన్ని తొందరపెట్టకండి. మనవాళ్లు వెతికే ఇంకో పేరు, హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య. రెండో రాజ్‌పుతానా రైఫిల్స్, మహావీర చక్ర. 1999 జూన్ 28న ఈ సెక్టార్‌లోనే నేలకొరిగారు. ఆయన కూతురు ఆ తర్వాతే పుట్టింది.

రాత్రి బసకు ద్రాస్ కంటే కార్గిల్ మేలు. ద్రాస్ ఎత్తు దాదాపు 10,800 అడుగులు, కార్గిల్ 8,800. బీపీ, ఆయాసం ఉన్న పెద్దవాళ్లకు ఆ తేడా నిద్రలో తెలుస్తుంది. గదులూ కార్గిల్‌లోనే ఎక్కువ. దూరం 60 కిలోమీటర్ల లోపే. శ్రీనగర్ నుంచి వెళ్లేటప్పుడు దారిలో సోనామర్గ్‌లో ఒక రాత్రి ఆగితే ఒళ్లు ఎత్తుకు అలవాటు పడుతుంది.

అసలు చిక్కు సోనామర్గ్, ద్రాస్‌ల మధ్య ఉన్న జోజిలా కనుమ, 11,500 అడుగుల పైన. వాన పడితే కొండచరియలు విరిగి రోడ్డు మూసేస్తారు. ఒక్కోసారి ఒకవైపు బండ్లనే వదులుతారు. ముందురోజు సాయంత్రమే సోనామర్గ్‌లో వేళలు కనుక్కోండి. తిరుగు విమానం మాత్రం కనుమ దాటే రోజుకే పెట్టుకోకండి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, కనీసం ఒక్కరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. జులై 26 కార్గిల్ విజయ్ దివస్ నాడు భద్రత, రద్దీ రెండూ ఎక్కువే. ఆహ్వానం లేకపోతే ఆగస్టులో వెళ్లండి, గోడ దగ్గర తీరిగ్గా నిలబడొచ్చు.