బండలాగుడు పందేలకు రీఫర్బిష్డ్ కెమెరా: అదనపు వారంటీకి కట్టిన డబ్బు దండగేనా?

ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్లలో జరిగే ఎడ్ల బండలాగుడు పందేలను ఫొటోలు తీయడం కోసమే నేను ఈ కెమెరా కొన్నాను కాబట్టి, దీని గురించి ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఆ పనికి సంబంధించినవే. సెన్సరు ఎంత, తెర ఎంత అన్న వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇది మధ్యస్థాయి డీఎస్ఎల్ఆర్ (లోపలి అద్దం ద్వారా దృశ్యాన్ని చూపే, లెన్సులు మార్చుకోగల కెమెరా) అనీ, ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర రీఫర్బిష్డ్‌గా, అంటే ఒకరు వాడినదాన్ని సరిచేసి మళ్లీ అమ్మే సరుకుగా, కొత్తదాని ధరలో సుమారు మూడింట రెండు వంతులకు వచ్చిందనీ, కొని నాలుగో ఏడాది నడుస్తోందనీ చెబితే చాలు. కంపెనీ పేరు రాయకపోవడానికి కారణం, జరిగినదానిలో తయారీ లోపం ఉందని నేను అనుకోకపోవడమే.

నన్ను కట్టిపడేసినది దీని షట్టర్ వేగం. షట్టర్ అంటే ఫొటో తీసిన ప్రతిసారీ సెన్సరు ముందు తెరుచుకుని మూసుకునే రేకుల తెర. ఒంగోలు గిత్తల జత బండను కదిలించే క్షణంలో ముందుకాళ్లు మడతపడి, మెడలు కాడికి బిగుసుకుని, మూపురాలు ఒక పక్కకు ఒరిగి, గిట్టల కింద నుంచి మట్టి ఎగిసిపడుతుంది. ఇవన్నీ ఒకే చిత్రంలో కుదిరే క్షణం కంటికి అందేలోపే గడిచిపోతుంది. పాత కెమెరా సెకనుకు మూడు ఫొటోలకు మించి తీయలేకపోయేది, ఫోనులో తీస్తే పరుగెత్తే కాళ్లు వంకరగా వచ్చేవి. ఈ కెమెరాలో 1/1000 సెకను వేగం పెట్టి, బటన్ నొక్కి పట్టుకుంటే సెకనుకు 8 ఫొటోలు వస్తాయి, అందులో ఒకటి తప్పకుండా పనికొస్తుంది. మొదటి సంక్రాంతి పందేల్లో ఆరు పళ్ల విభాగంలో (పళ్లను బట్టి గిత్తల వయసు లెక్కగట్టి పెట్టే విభాగాల్లో ఒకటి) తీసిన ఒక చిత్రాన్ని ఆ జత యజమాని పెద్దదిగా వేయించి ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఎవరు అడిగినా, రీఫర్బిష్డ్ అయితేనేం, కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత ధాటిగా చెప్పను.

ఎందుకంటే షట్టర్‌కు ఆయుష్షు ఉంటుంది. కెనాన్ 80డీ షట్టర్‌ను లక్ష క్లిక్కులకు (ఒక్కో ఫొటో ఒక్కో క్లిక్కు), నికాన్ డీ7200 షట్టర్‌ను లక్షన్నరకు, నికాన్ డీ500 షట్టర్‌ను రెండు లక్షలకు పరీక్షించినట్టు ఆయా కంపెనీలు ప్రకటించాయి. ఇవి పరీక్షలో తేలిన అంచనాలే తప్ప హామీలు కావు. అంతకుముందే ఆగిపోవచ్చు, అది దాటి ఎంతో కాలం నడవనూ వచ్చు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ వాడేవారికి లక్షన్నర చాలా పెద్ద సంఖ్య. నా వాడకంలో మాత్రం లెక్క వేరు. సెకనుకు 8 చొప్పున నిమిషానికి 480 ఫొటోలు, ఆ లెక్కన లక్షన్నర క్లిక్కులంటే బటన్ నొక్కి పట్టుకునే సమయం మొత్తం కలిపి 5 గంటల 12 నిమిషాలు మాత్రమే. బండ లాగుతున్నంతసేపూ వేలు బటన్ మీదే ఉంచేవాడికి ఆ అయిదు గంటలు ఎన్ని తిరునాళ్లలో కరిగిపోతాయో ఊహించుకోవచ్చు.

అందువల్ల రీఫర్బిష్డ్ కెమెరా కొనేటప్పుడు పైన గీతలున్నాయా, తెర మీద మచ్చ ఉందా అన్నదానికంటే షట్టర్ ఎంత తిరిగిందన్నదే పెద్ద ప్రశ్న. నికాన్ కెమెరాలు చాలావరకు ఈ లెక్కను ఫొటో ఫైలులోనే రాస్తాయి. కెనాన్‌లో అనేక మోడళ్లకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ పెట్టి చూడాలి. నాకు పంపిన కెమెరాలో లెక్క 20 వేల లోపే ఉంది, అమ్మకందారు చెప్పిందీ అంతే. అయితే ఆ సంఖ్య మొత్తం కథ చెప్పదు. షట్టర్ మార్చిన తర్వాత సర్వీసులో లెక్కను సున్నాకు తెచ్చే అవకాశం కొన్ని కెమెరాలకు ఉంది కాబట్టి, తక్కువ సంఖ్య ఉన్నంత మాత్రాన మిగిలిన భాగాలన్నీ లేతవని చెప్పలేము. పళ్లు చూసి గిత్త వయసు చెప్పే మా ప్రాంతపు రైతులకు ఉన్న సౌకర్యం కెమెరా కొనేవారికి లేదు.

అమ్మకందారు ఆరు నెలల వారంటీ ఇచ్చాడు. దానిపైన 4,200 రూపాయలు కడితే ఏడాది అదనపు వారంటీ అన్నాడు. కెమెరా ధరలో అది దాదాపు పదో వంతు. సాధారణంగా ఇటువంటి అదనపు వారంటీలంటే నాకు గిట్టదు. ఫ్రిజ్‌కూ టీవీకీ కొన్నవి ఏనాడూ పనికిరాలేదు. ఇక్కడ కట్టడానికి కారణం షట్టర్ ఒక్కటే. నిబంధనల కాగితంలో వర్తించని భాగాల జాబితా ఉంది: బ్యాటరీ, బెల్టు, కంటి దగ్గరి రబ్బరు, మెమరీ కార్డు, పైపూత గీతలు, నీరు, ఇసుక, దుమ్ము వల్ల కలిగే నష్టం, లెన్సులో పట్టే ఫంగస్. షట్టర్ పేరు ఆ జాబితాలో లేదు.

కెమెరా కొన్నది దసరాకు ముందు. ఆ తర్వాత వచ్చిన వేసవిలో, హనుమజ్జయంతికి ఒక ఊళ్లో పెట్టిన పందేల్లో అది ఆగిపోయింది. సీనియర్ విభాగంలో ఆఖరి జత బరిలోకి దిగింది. ముల్లుకర్రలు పట్టుకున్నవాళ్ల కేకలు మిన్నంటుతున్నాయి, బండ కదిలింది, నేను బటన్ నొక్కి పట్టాను. టకటకమని రావలసిన చప్పుడు మధ్యలో ఒక్కసారి గరగరమని తెగిపోయింది. తెర మీద ఎర్రర్ సందేశం వచ్చింది, వ్యూఫైండర్ చీకటైంది. బ్యాటరీ తీసి పెట్టాను, లెన్సు మార్చాను, నీడకు వెళ్లి చల్లారనిచ్చాను; అద్దం పైకి లేచి అక్కడే నిలిచిపోయింది. పక్కన నిలబడి ఇదంతా చూస్తున్న ఒక రైతు, "ఏంది మేష్టారూ, మీ కెమెరా కూడా కాడి దించేసిందా?" అని నవ్వాడు. ఆ జతే ఎక్కువ దూరం లాగి మొదటి బహుమతి గెలిచింది. గెలిచిన జతకు నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు.

అప్పటికి అమ్మకందారు ఇచ్చిన ఆరు నెలలు దాటిపోయాయి, అదనపు వారంటీ నడుస్తోంది. ఫోను చేస్తే, షట్టర్ అరిగిపోయే భాగం కాబట్టి వారంటీ వర్తించదని అవతలి ఉద్యోగి చాలా మర్యాదగా చెప్పాడు. అరిగిపోయే భాగాల జాబితాలో షట్టర్ ఎక్కడుందో చూపించమని అడిగితే, పైవారితో మాట్లాడి చెబుతానన్నాడు, మళ్లీ ఫోను రాలేదు. అప్పుడు కాగితంలోని ఆ పేరాను ఫొటో తీసి, బిల్లుతో సహా ఈమెయిల్ పంపాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చనీ, 5 లక్షల రూపాయల లోపు విలువకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదనీ, కాబట్టి ఈ విషయం ఒంగోలులోనే తేల్చుకోగలననీ అందులో రాశాను. పాత చట్టం ఉన్నప్పుడు అమ్మకందారు ఎక్కడుంటే అక్కడికి వెళ్లవలసి వస్తుందన్న భయంతోనే చాలామంది వదిలేసుకునేవారు. మెయిల్‌కు సమాధానం త్వరగానే వచ్చింది: కెమెరాను విజయవాడలోని స్వీకరణ కేంద్రంలో స్వయంగా అప్పగించాలి, పరీక్షించిన తర్వాత నిర్ణయం చెబుతారు.

నాకు అసలు భయం ఆ పరీక్ష గురించే. షట్టర్ జాబితాలో లేకపోయినా దుమ్ము ఉంది కదా. చీమకుర్తి గ్రానైట్ పొడి గాలిలో తేలే జిల్లాలో, ఎద్దుల గిట్టల వెనుక తిరిగే కెమెరాలో దుమ్ము కనిపించకుండా ఉంటుందా? ప్రతి పందెం తర్వాత బ్లోయర్‌తో ఊది, బయట మెత్తని బ్రష్‌తో తుడిచి, ఆరుబయట లెన్సు మార్చకుండా ఉండే అలవాటు నాకు ముందునుంచీ ఉంది; బహుశా అదే కాపాడింది. షట్టర్ తెరలోని ఒక రేకు విరిగి లోపల ఇరుక్కుందనీ, బయటి పదార్థమేదీ కనిపించలేదనీ నివేదిక వచ్చింది. షట్టర్ యూనిట్ మొత్తం మార్చారు. డబ్బు కట్టి చేయిస్తే 18 శాతం జీఎస్టీతో కలిపి దాదాపు 14 వేలు అయ్యేదని బిల్లులో చూపించి, నా వంతు సున్నా అని వేశారు. ఆ బిల్లు చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

అయితే ఆ మురిపెం తర్వాత కొంత తగ్గింది. మొదటిది, ఏడాది అదనం అన్న మాటను కాగితంలో బిల్లు తేదీ నుంచి లెక్కించారు, అంటే మొదటి ఆరు నెలలూ ఉచిత వారంటీతో కలిసిపోయాయి, నేను కొన్నది నిజానికి ఆరు నెలలే. రెండవది, మార్చిన భాగానికి 90 రోజుల హామీ మాత్రమే ఉంటుంది. మూడవది, కెమెరా చేతికి వచ్చేసరికి వేసవి పందేలు ముగిసి వానలు మొదలయ్యాయి. విజయవాడకు రానూపోనూ ఖర్చు, మధ్యలో ఒకసారి అద్దెకు తెచ్చుకున్న కెమెరా ఖర్చు కలిపితే మిగిలినది 14 వేలు కానే కాదు. కెమెరా చేతికి వచ్చాక చూస్తే షట్టర్ లెక్క మళ్లీ సున్నా దగ్గర నుంచి మొదలైంది. రేపు దీన్ని అమ్మితే కొనేవాడికి ఇది దాదాపు కొత్త కెమెరాలా కనిపిస్తుంది.

వారంటీ ముగిసిన తర్వాత చిన్న చిన్న అవస్థలు వచ్చాయి. ఇక్కడి ఉక్కకూ చెమటకూ పట్టు దగ్గరి రబ్బరు ఉబ్బి ఊడివచ్చింది, వెనుక చక్రం తిప్పితే ఒక్కోసారి రెండు మెట్లు దూకుతోంది. రబ్బరును జిగురు టేపుతో అతికించాను, చక్రానికి అలవాటు పడ్డాను. 

ఆ తర్వాత ఒక రీఫర్బిష్డ్ లెన్సు కొన్నప్పుడు అదనపు వారంటీ తీసుకోలేదు. కొత్తపట్నం తీరానికి దగ్గరగా ఉండే మాకు లెన్సుకు వచ్చే పెద్ద ముప్పు తేమ, ఫంగస్. ఆ రెంటినీ కాగితం ముందే తప్పించుకుంది. ఆ డబ్బుకు మూత గట్టిగా పడే డబ్బా, సిలికా జెల్ కొన్నాను. పిల్లల పుట్టినరోజులకూ తీర్థయాత్రలకూ కెమెరా కొంటానని మా బడిలో ఒకరు సలహా అడిగితే వారంటీ వద్దనే చెప్పాను, ఎందుకంటే ఆ వాడకంలో షట్టర్ ఆ కొద్ది నెలల్లో విరగడం అరుదు. నాలా వరుస ఫొటోలు తీసేవారు, షట్టర్‌ను మినహాయించలేదని కాగితంలో చదివి చూసుకున్నవారు, ఏ తేదీ నుంచి లెక్కిస్తారో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నవారు తీసుకుంటే తీసుకోవచ్చు. ఇప్పుడున్న షట్టర్ కూడా ఏదో ఒక తిరునాళ్లలో ఆగుతుంది. అప్పటికి మరమ్మతు ఖర్చు కెమెరా విలువలో సగానికి మించితే బాగు చేయించకుండా, దీన్ని విడిభాగాల కోసం ఇచ్చేసి మరో రీఫర్బిష్డ్ చూసుకుంటాను.