శ్రీవారి మెట్టు, తలకోన: రెండు రోజుల యాత్రకు ఎలాంటి బ్యాగు?

తిరుపతి చుట్టుపక్కల శని, ఆదివారాలు తిరగాలనుకునే వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది, ఎన్ని లీటర్ల బ్యాగు కొనాలి అని. ముప్పైకి, నలభైకి మధ్య అని చెప్పేయొచ్చు కానీ అది సగం జవాబే. మన దగ్గర ఒకే యాత్రలో ఆ బ్యాగు ఆర్టీసీ బస్సులో కాళ్ల దగ్గర ఇమడాలి. లగేజీ కౌంటర్‌లో ఇచ్చేటప్పుడు దానికి తాళం పడాలి. దర్శనానికి కట్టుకోవాల్సిన చీర అందులో నలగకుండా ఉండాలి. మర్నాడు తలకోన జలపాతం దగ్గర రాళ్ల మీద నడిచేటప్పుడు వీపు మీద అటూ ఇటూ ఊగకూడదు. కొండలెక్కడానికి మాత్రమే చేసిన బ్యాగుకు వీటిలో కొన్ని చేతకావు, కాలేజీ బ్యాగుకు మిగతావి చేతకావు.

మొన్న వానలు తగ్గుముఖం పట్టాక నేను, మా వదిన చిత్తూరు నుంచి బయల్దేరి శ్రీవారి మెట్టు, తిరుమల, తలకోన చూసి వచ్చాం. నాది 35 లీటర్ల బ్యాగు, సూట్‌కేసులా మూడు వైపులా జిప్ తెరుచుకుంటుంది. వదిన తెచ్చింది వాళ్ల అబ్బాయి ట్రెక్కింగుకు వాడిన 45 లీటర్లది. పైన తాడు లాగి బిగించి, మీద మూత వేసే రకం. రెండూ గట్టివే, కొన్న రోజు వెల కూడా దాదాపు ఒకటే. అయినా దారి పొడవునా వాటి తేడా తెలుస్తూనే ఉంది.

ముందు తిరుమల కొండకు నడిచి ఎక్కే దారుల సంగతి. శ్రీవారి మెట్టు శ్రీనివాస మంగాపురం దాటాక మొదలవుతుంది. 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి నుంచైతే 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. లెక్క చూసి శ్రీవారి మెట్టు తేలిక అనుకుంటారు గానీ, కాస్త దూరంలోనే కొండంతా ఎక్కాలి కాబట్టి ఊపిరి తీసుకునే సందు దొరకదు. అలిపిరి దారిలో గాలిగోపురం దాటాక చాలా దూరం చదునుగా నడవొచ్చు, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గరే కాళ్లు పట్టేస్తాయి. పెద్దవాళ్లతో, మొదటిసారి నడిచే వాళ్లతో వెళ్తుంటే నేను అలిపిరే చెప్తాను. టైం తక్కువుండి, రోజూ నడిచే అలవాటున్న వాళ్లకు శ్రీవారి మెట్టు బాగుంటుంది. 2021 నవంబర్ వానలకు ఈ మెట్ల దారి బాగా దెబ్బతిని నెలల తరబడి మూసేశారు, బాగు చేశాక మళ్లీ తెరిచారు. అలిపిరి వైపు చిరుతల భయంతో నడక వేళల మీద, పిల్లల మీద ఆంక్షలు ఉంటాయి, అవి మారుతుంటాయి కూడా. బయల్దేరే ముందు ఆ రోజు వేళలు కనుక్కోండి.

రెండు దారుల్లోనూ కింద మన సామాను తీసుకుని పైకి ఉచితంగా చేరుస్తారు. యాత్రికులకు టీటీడీ చేస్తున్న వాటిలో ఇంత ఉపయోగమైనది ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. ఎనిమిది కిలోలు మోస్తూ మెట్లెక్కాల్సిన పని తప్పుతుంది. అందుకే మన యాత్రకు కావలసింది నిజానికి ఒక బ్యాగు కాదు, ఒకటిన్నర. పెద్దది కౌంటర్‌లో ఇచ్చేస్తాం. మడత పెడితే అరచేతిలో పట్టే పది, పదిహేను లీటర్ల పల్చటి బ్యాగు ఒకటి అందులోంచి తీసి, నీళ్లు, తువ్వాలు, మందులు, ఫోను దాంట్లో వేసుకుని నడుస్తాం. ఇది కొండ మీద క్యూలోకి, మర్నాడు జలపాతం దగ్గరికి కూడా పనికొస్తుంది. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు నిషేధం ఉంది కాబట్టి స్టీలుదో రాగిదో సీసా పట్టే పక్క జేబు దానికి ఉండేలా చూసుకోండి.

కౌంటర్‌లో ఇచ్చే బ్యాగుకు తాళం వేసి ఉండాలి. ఇక్కడే వదిన బ్యాగుతో చిక్కొచ్చింది.

"దీనికి తాళం ఎక్కడ వేస్తావు వదినా?"

"జిప్పే లేదు కదా పాపా. డబ్బులు, నగలు నీ దాంట్లో పెట్టు, దీన్ని ముడేసి ఇచ్చేద్దాం."

అలాగే చేశాం, సామాను భద్రంగానే పైకి చేరింది. కానీ పై నుంచి మూత పెట్టే బ్యాగులన్నిటికీ ఈ ఇబ్బంది ఉంది. రైల్లో పై బెర్తు మీద పెట్టి నిద్రపోవాలన్నా, గదిలో వదిలి దర్శనానికి వెళ్లాలన్నా మనసు దాని మీదే ఉంటుంది. జిప్‌కు రెండు లాగుడు పట్టీలు ఉండి, వాటి కొసల్లో చిన్న తాళం దూరే రంధ్రాలు ఉన్నాయా అన్నది కొనేటప్పుడు చూడాల్సిన మొదటి సంగతుల్లో ఒకటి.

బస విషయానికొస్తే, తిరుపతిలో స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండ్ దగ్గర శ్రీనివాసం ఉన్నాయి. ముందుగా ఆన్‌లైన్‌లో గది దొరికితే వేరే ఆలోచన అక్కర్లేదు, కానీ వారాంతాల్లో దొరకడం కష్టం. మేము స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. బోర్డు మీద 24 గంటలని రాసి, తెల్లవారి ఎనిమిదికే ఖాళీ చెయ్యమన్నారు. గది ఎంత ఇరుకంటే మంచానికి, గోడకు మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి. నా బ్యాగు మంచం మీద పరిచి జిప్ తీస్తే బట్టలన్నీ ఒకేసారి కనపడ్డాయి. వదినకు అడుగున ఉన్న జాకెట్టు కావాలంటే పైనున్నవన్నీ తీసి కుప్ప పొయ్యాల్సొచ్చింది, మళ్లీ సర్దేసరికి పట్టుచీర మడతలు పోయాయి. కొండ మీద గది దొరకని వాళ్లకు యాత్రికుల వసతి సముదాయాల్లో లాకర్లు ఇస్తారు. బ్యాగు ఎంత పొందికగా ఉంటే అక్కడ అంత సుఖం. గట్టి ఫ్రేము, లావాటి నడుము బెల్టు ఉన్న పెద్ద బ్యాగును లాకర్‌లోకి తొయ్యడానికి చాలా అవస్థ పడ్డాం.

ఇక అసలు విషయం, వీపు. బ్యాగు మనకు సరిపోతుందా లేదా అన్నది మనిషి ఎత్తును బట్టి ఉండదు, వీపు పొడవును బట్టి ఉంటుంది. తల ముందుకు వంచితే మెడ కింద ఒక ఎముక బుడిపెలా తగులుతుంది. రెండు చేతులు నడుము మీద పెట్టుకుంటే బొటనవేళ్లు తుంటి ఎముక పై అంచు మీద ఆనతాయి. ఆ రెండు బొటనవేళ్ల మధ్య గీత గీసినట్టు ఊహించుకుని, బుడిపె నుంచి అక్కడి దాకా వెన్ను వెంబడి టైలర్ టేపుతో కొలవాలి. ఒకరు నిలబడితే ఇంకొకరు కొలవాలి, ఎవరిది వాళ్లకు కుదరదు. వదిన నాకన్నా బాగా పొడుగు. కొలిస్తే ఇద్దరి వీపులూ ఒకటే. ఆమె పొడుగంతా కాళ్లలో ఉంది. వాళ్ల అబ్బాయి బ్యాగు పొడవైన వీపుకు కుట్టింది, అందుకే వదిన వేసుకున్నప్పుడు నడుము బెల్టు తుంటి కిందికి జారిపోయి, బరువంతా భుజాల మీద పడింది.

బరువులో ఎక్కువ భాగం, ముప్పాతిక వంతు అనుకోండి, తుంటి ఎముకల మీద ఉండాలి. భుజం పట్టీలు బ్యాగు వెనక్కి పడిపోకుండా పట్టుకోవడానికే. కాబట్టి బెల్టు పొట్ట మీద కాదు, ఎముక మీద కూర్చోవాలి. ఆడవాళ్లకు ఇందులో ఇంకో సంగతి ఉంది. చీర మీద బెల్టు బిగిస్తే అది కుచ్చిళ్ల మీద ఒత్తుకుంటుంది, నాలుగడుగులు వేసేసరికి చీర కిందికి లాగుతుంది. బ్యాగు మోసే రోజు చుడీదార్ వేసుకుని, చీర లోపల పెట్టుకోవడమే మేలు. కొన్ని కంపెనీలు ఆడవాళ్లకు వేరే కొలతలతో చేస్తాయి. ఓస్ప్రే వాళ్ల ఫార్‌పాయింట్ 40కి ఆడవాళ్ల కోసం చేసిన ఫెయిర్‌వ్యూ 40 అలాంటి జోడీ. వీపు పట్టీని పైకీ కిందికీ జరుపుకునే రకమైతే ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుకోవచ్చు.

షాపులో ఖాళీ బ్యాగు వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. లీటరు నీళ్ల సీసాలు ఆరో ఏడో లోపల పెట్టమని అడగండి, ఆరేడు కిలోల బరువొస్తుంది. పట్టీలన్నీ వదులు చేసి, ముందు నడుము బెల్టు బిగించి, తర్వాత భుజాలవి, చివర ఛాతీ మీది క్లిప్పు పెట్టుకోండి. అలా పావుగంట షాపులో తిరగండి, మెట్లుంటే ఎక్కి దిగండి. మొహమాటపడొద్దు. పది, పదిహేను వేలు పెట్టినా వీపుకు సరిపోని బ్యాగు దండగే. వైల్డ్‌క్రాఫ్ట్, డెకాత్లాన్ వాళ్ల క్వెచువా, ఫోర్‌క్లాజ్ లాంటి వాటిలో దానికి సగం ధరలోపే వారాంతపు అవసరానికి సరిపోయేవి దొరుకుతాయి.

తలకోనకు తిరుపతి నుంచి భాకరాపేట, నెరబైలు మీదుగా వెళ్లాలి. బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ ముందే కనుక్కోకపోతే టెన్షన్ తప్పదు. నలుగురుంటే కారు మాట్లాడుకోవడం నయం. 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి, వానల తర్వాత ఆ హోరు దూరం నుంచే వినిపిస్తుంది. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర నుంచి జలపాతానికి నడక. పైకి పోయే కొద్దీ రాళ్లు, నాచు. ఇక్కడ బ్యాగు వెడల్పుగా ఉంటే చెట్ల కొమ్మలకు తగులుతుంది, ఎత్తుగా ఉంటే వంగినప్పుడు తల మీదికి తోస్తుంది. పక్కల ఉండే బిగింపు పట్టీలు లాగితే సగం ఖాళీగా ఉన్న బ్యాగు వీపుకు అంటుకుపోతుంది. ఈ పట్టీలు లేని బ్యాగు నేను కొనను. రాత్రి ఉండాలనుకుంటే టూరిజం వాళ్ల అతిథి గృహం ఉంది. అడవి మధ్యలో ఆ తెల్లవారుజామును చూడడం కోసమైనా ఒక రాత్రి ఉండి తీరాలి.

కోతుల గురించి చెప్పకుండా తలకోన మాట పూర్తి కాదు. బ్యాగు ముందు వలలా ఉండే జేబులో బిస్కెట్లు కనిపించాయా, అవి వదలవు. తినేవన్నీ జిప్ లోపల ఉండాలి, చేతిలో సంచి పట్టుకోవద్దు.

వాన కవరు ఒక్కటే నమ్ముకోవద్దు. అది వీపు వైపు కప్పదు, మెడ మీద నుంచి జారిన నీళ్లు వీపు వెంబడి లోపలికి దిగుతాయి. మన వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి, కొండలు పచ్చగా ఉండి అందరూ తిరిగేదీ అప్పుడే. లోపల ఒక మందపాటి కవరు వేసి, బట్టలు దాంట్లో పెట్టి మూతి మడిచేస్తే బ్యాగంతా తడిసినా బట్టలు పొడిగా ఉంటాయి. ఆ కవరు అడవిలో వదలకుండా ఇంటికి తెచ్చి మళ్లీ వాడుకోండి.

వీపుకు, బ్యాగుకు మధ్య గాలి ఆడేలా వల బిగించిన రకాలు ఉన్నాయి. మన ఎండలకు అవి హాయిగా ఉంటాయి, వాటిని చూస్తే ఎవరికైనా మనసు పోతుంది. అయితే వల కోసం వెనక ఫ్రేము వంపు తిరిగి ఉంటుంది, దాంతో లోపల చోటు తగ్గుతుంది, బరువు వీపుకు కాస్త దూరంగా వేలాడుతుంది. రోజంతా నడిచే వాళ్లు అది తీసుకోవచ్చు. బస్సులు, గదులు, గుళ్ల మధ్య తిరిగే మనలాంటి వాళ్లకు గాడులు తీసిన స్పాంజి వీపు చాలు.

మిగతా చోట్లకు ఇంత ఆలోచన అక్కర్లేదు. పుత్తూరు దాటి నారాయణవనం వైపున్న కైలాసకోనకు ఉదయం వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు, ఇరవై లీటర్ల బ్యాగు ఎక్కువే. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు, పై దాకా రోడ్డుంది కాబట్టి మోత లేదు. చలికాలంలో స్వెట్టర్లు, శాలువాలతోనే బ్యాగు నిండుతుంది, అక్కడికి నలభై లీటర్లు మంచిది.

రేణిగుంట నుంచి విమానం ఎక్కే వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. మన దేశంలో చేతి సామానుకు మామూలుగా పెట్టే హద్దు ఏడు కిలోలు, 55, 35, 25 సెంటీమీటర్లు. బ్యాగు ఖాళీగానే కిలోన్నర తూగితే మనకు మిగిలేది ఐదున్నర కిలోలే. తిరుగు ప్రయాణంలో లడ్డూలు ఉంటాయి కదా. చిన్న లడ్డు 175 గ్రాముల దాకా ఉంటుంది, పది తెస్తే దగ్గర దగ్గర రెండు కిలోలు. నెయ్యి బట్టలకు అంటకుండా స్టీలు డబ్బా పెట్టుకుంటే డబ్బా బరువు కూడా కలుస్తుంది. వెళ్లేటప్పుడే బ్యాగులో నాలుగో వంతు ఖాళీ ఉంచండి.

చిత్తూరు తిరిగొచ్చాక వదిన తన వీపుకు సరిపోయే 35 లీటర్లది, పూర్తిగా తెరుచుకునేది కొనుక్కుంది. పాత 45 లీటర్లది అబ్బాయికే వదిలేసింది, గుడారం మోసుకుని తిరిగే అతనికి అది సరైనదే. ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల అడవిలోని తుంబురు తీర్థానికి భక్తులను వదిలినప్పుడు వెళ్దామని అనుకుంటున్నాం. ఆ అడవి దారికి మాత్రం పెద్ద బ్యాగులు గదిలో పెట్టేసి మడత బ్యాగులే తీసుకెళ్తాం, మారు బట్ట, నీళ్లు, చెప్పులు తడిస్తే వేసుకోవడానికి ఇంకో జత.