అల్లాయ్ వీల్స్‌కు మెరుపు: చేత్తోనా, మెషీన్‌తోనా?

మసకబారిన అల్యూమినియం చక్రాలకు మెరుపు తేవాలంటే వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) చేత్తో రుద్దాలి, లేదా డ్రిల్‌కు బఫింగ్ వీల్ (మెరుగుపెట్టే మెత్తని చక్రం) తగిలించి పాలిష్ చేయాలి. దేనికైనా ముందు పైనున్న పెయింట్, క్లియర్ కోట్ (రంగులేని రక్షణ పూత) పూర్తిగా తీసేయాలి. క్రోమ్ పూత ఉన్న చక్రాలను మాత్రం దయచేసి రుద్దకండి. ఆ పూత చాలా పలచన, అరిగితే ఇంట్లో తిరిగి వేసుకోలేం.

చేతిపని నిదానం. 400 గ్రిట్‌తో (గ్రిట్ అంటే కాగితం గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నునుపు) మొదలుపెట్టి 600, 800, 1000, 1500, 2000 దాకా తడిపి రుద్దాలి. గ్రిట్ మారినప్పుడల్లా రుద్దే దిశ కూడా మార్చండి. అప్పుడు పాత గీతలు మిగిలాయేమో ఇట్టే తెలుస్తుంది. అవి పోకుండా తర్వాతి కాగితం పట్టుకుంటే శ్రమంతా వృథా. స్పోకుల మూలల్లోకి, నట్ల గుంతల పక్కకు వేళ్లు వెళ్లినట్టు ఏ మెషీనూ వెళ్లదు.

బఫింగ్ వేగంగా అయిపోతుంది, చేతులు నొప్పెట్టవు. కానీ బఫ్ లోతైన గీతను తీసేయదు, గీతతో సహా మెరిపిస్తుంది. ఒకేచోట నొక్కి పెడితే లోహం వేడెక్కుతుంది, పదునైన అంచులు గుండ్రబడతాయి. స్పోకు అంచుకు తగిలితే డ్రిల్ చేతిలోంచి ఎగిరిపడొచ్చు కూడా. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు చేతిపనికే. రెండూ కుదిరితే 2000 వరకు చేత్తో, చివరి పాలిష్ మాత్రం బఫ్‌తో చేయండి. ఆ తర్వాత క్లియర్ కోట్ వేయకపోతే గాలికి, తేమకు అల్యూమినియం మళ్లీ మసకబారుతుంది. యాసిడ్ ఉన్న వీల్ క్లీనర్లు వాడొద్దు.