స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్: మీటింగులు భరించగలిగితే చూడండి

‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ చూద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే మూడో సీజన్ అంటాను. 1987 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు, 178 ఎపిసోడ్లు నడిచిన అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ ఇది, ఒక అంతరిక్ష నౌక సిబ్బంది కథ. వరుసగానే చూడాలని పట్టుబట్టిన మా ఫ్రెండ్స్‌లో సగం మంది మొదటి సీజన్‌లోనే జారుకున్నారు. వాళ్లనేం అనలేం. ‘కోడ్ ఆఫ్ ఆనర్’ అనే ఎపిసోడ్‌లో నల్లజాతివాళ్లను చూపించిన తీరు ఎంత దరిద్రంగా ఉంటుందంటే, సిరీస్ నటులే తర్వాత దాన్ని తిట్టిపోశారు. రెండో సీజన్ ముగింపైతే పాత ఎపిసోడ్ల ముక్కలు అతికించి చుట్టేసిన సరుకు. రైటింగ్ బాధ్యత మైఖేల్ పిల్లర్ చేతికి వచ్చాక, మూడో సీజన్ నుంచి గాడిన పడింది. ఓడలో కెప్టెన్ తర్వాతివాడైన రైకర్ గడ్డం పెంచాక సిరీస్ బాగుపడిందని ఫ్యాన్స్ అంటారు కానీ, గడ్డం రెండో సీజన్‌లోనే వచ్చింది, బాగుపడటానికి ఇంకో ఏడాది పట్టింది.

నేను దీన్ని కేబుల్ రోజుల్లో ముందూ వెనకా లేకుండా చూశాను, తర్వాత చేతులు మారి వచ్చిన హార్డ్ డిస్క్‌లో, ఇప్పుడు ఓటీటీలో. ఆదివారాలు సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్‌లో కూర్చుని దీని గురించి వాదించుకునే బ్యాచ్ ఒకటి మాకుంది. దాదాపు అందరం సాఫ్ట్‌వేర్‌వాళ్లమే. కొత్తగా చేరిన ఒకతను మొదట్లో విసుక్కున్నాడు: “ఏంది భయ్, గంటసేపు మీటింగే పెట్టిర్రు, ఒక్క బాంబైనా పేలలే!”

అతను తప్పని పట్టుకున్నదే ఈ సిరీస్ బలం అని నా లెక్క. ఓడ చుట్టూ గ్రహాంతరవాసులు మోహరించి ఉంటారు, కెప్టెన్ పికార్డ్ మాత్రం అందరినీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కరి అభిప్రాయం అడుగుతాడు. విని, నిర్ణయం తీసుకుని, లేచి వెళ్లిపోతాడు. వారమంతా ఆఫీసు కాల్స్‌లో నలిగినవాళ్లకి అంతకన్నా సైన్స్ ఫిక్షన్ ఏముంటుంది!

‘ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’ (1989) చూడండి. రెండో సీజన్‌లో దీన్ని మాత్రం వదలొద్దు. ఓడలో ఆఫీసర్‌గా పనిచేసే ఆండ్రాయిడ్ (మనిషి రూపంలోని యంత్రం) డేటాని విప్పి చూసి, అలాంటివాళ్లని ఇంకా తయారుచేయాలని ఒక శాస్త్రవేత్త వస్తాడు. డేటా రాజీనామా చేస్తానంటే, నువ్వు స్టార్‌ఫ్లీట్ (వీళ్లంతా పనిచేసే అంతరిక్ష దళం) ఆస్తివి, రాజీనామా చేసే హక్కు నీకెక్కడిది అంటారు. విచారణలో పికార్డ్ డేటా తరఫున నిలబడతాడు. డేటాకి వ్యతిరేకంగా వాదించాల్సిన పని ఇష్టం లేకపోయినా రైకర్ మీద పడుతుంది. రైకర్ లేచి డేటా స్విచ్ ఆపేసే క్షణంలో, ఎన్నిసార్లు చూసినా నా గుండె జారిపోతుంది. రాసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ అంతకుముందు లాయర్. అందుకే కాబోలు, రెండు పక్షాల వాదనా గట్టిగా నిలబడుతుంది.

కాలేజీ రోజుల్లో మేమంతా గుడ్డిగా డేటా పక్షం. ఇప్పుడు మాలో ఒకతను ఏఐ టీమ్‌లో పనిచేస్తున్నాడు. “కోడ్ రాసింది మనం, మిషన్ కొన్నది కంపెనీ, ఇక హక్కులేంది?” అంటాడు. తల్లిదండ్రుల డీఎన్‌ఏతో పుట్టినంత మాత్రాన పిల్లలు వాళ్ల ఆస్తి అవుతారా అని పికార్డ్ ఎపిసోడ్‌లోనే అడిగాడు కదా అని ఇంకొకతను లేస్తాడు. ఈలోపు చాయ్ చల్లారిపోతుంది. మళ్లీ చెప్పాల్సిందే.

‘డార్మాక్’ మా వాళ్లకి ఇంకా తేలిగ్గా ఎక్కింది. అందులో ఒక జాతి తమ పాత కథల్లోని పేర్లతోనే మాట్లాడుతుంది, కథ తెలియనివాడికి ముక్క అర్థం కాదు. పికార్డ్ తంటాలు పడుతుంటే మా బ్యాచ్‌లో ఒకావిడ, “శల్య సారథ్యం, భగీరథ ప్రయత్నం అని మనం అనట్లేదా, ఇందులో వింతేముంది?” అంది.

లోపం కూడా చిన్నదేం కాదు. ఈ వారం ఏం జరిగినా వచ్చే వారానికి అంతా కడిగేసిన పలకే. ‘ది ఇన్నర్ లైట్’ (1992)లో పికార్డ్ బయటి లెక్కకి అరగంట కూడా గడవకముందే ఇంకో మనిషిగా ఒక జీవితమంతా బతికేస్తాడు. పెళ్లి, పిల్లలు, ముసలితనం, అన్నీ. చివరికి చేతిలో ఒక వేణువు మిగులుతుంది. తర్వాతి సీజన్‌లో ‘లెసన్స్’ని పక్కనపెడితే ఆ జీవితం ఊసే పెద్దగా రాదు. బోర్గ్ అనే సగం మనిషి సగం యంత్రం జాతి చేతిలో చిక్కి బయటపడ్డాక పికార్డ్ ఊరెళ్లి, అన్నతో బురదలో కొట్టుకుని ఏడ్చే ‘ఫ్యామిలీ’ లాంటివి ఇంకో నాలుగుంటే బాగుండేది. సిబ్బంది తమలో తాము గొడవపడకూడదని సృష్టికర్త జీన్ రాడెన్‌బరీ పెట్టిన షరతు కూడా రచయితల చేతులు కట్టేసింది.

ఆ కొరత తీర్చింది ఇదే స్టార్ ట్రెక్ లోకంలోని ఇంకో సిరీస్ ‘డీప్ స్పేస్ నైన్’ (1993–99). అందులో తప్పుకి పర్యవసానం ఉంటుంది, యుద్ధం సీజన్ల తరబడి సాగుతుంది. నాకైతే కథగా అదే మేలు. చిక్కల్లా బొమ్మతోనే. నెక్స్ట్ జనరేషన్‌ని ఒరిజినల్ ఫిల్మ్ నుంచి హెచ్‌డీకి మార్చారు, పెద్ద టీవీలో కళకళలాడుతుంది. డీప్ స్పేస్ నైన్‌కి ఆ ఖర్చు ఎవరూ పెట్టలేదు, మసకగానే చూడాలి. ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే కొంత నయం. ఓడ ఎక్కడికీ పోకుండా ఒకే అంతరిక్ష స్టేషన్‌లో కూర్చునే సిరీస్‌ని ట్రెక్ అని ఎట్లంటరని మా ఏఐ మిత్రుడు ఇప్పటికీ అది ముట్టుకోలేదు.