యాసంగి పొలానికి గమ్‌బూట్లు: ఒక సీజన్ వాడాక

మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మాకు వరి పొలం ఉంది. యాసంగి నాట్లప్పుడు తెల్లారకముందే నీళ్లు మళ్లించడానికి పోతే చలికి కాళ్లు కొయ్యబారిపోతాయి, అందుకే మోకాలి కిందిదాకా వచ్చే పీవీసీ గమ్‌బూట్లు కొన్నా.

నీళ్లు మాత్రం చుక్క కూడా లోపలికి రాలేదు. అచ్చులో పోసి చేస్తారు కాబట్టి కుట్లు ఉండవు, కారే దారే లేదు. కానీ లోపలి చెమటకీ బయటికి పోయే దారి లేదు కదా, గంట నడిస్తే సాక్స్ తడిసి ముద్ద. నూలువైతే ఆ తడి ఆరక చలి ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది, ఉన్నివి వేశాక నయం. కొనేటప్పుడే మందపాటి సాక్స్ వేసుకుని సైజు చూసుకోండి. నేను చూసుకోలేదు, వారానికే బొటనవేలి గోరు నల్లబడింది, షాపాయనేమో మార్చి ఇవ్వనన్నాడు.

వీటితో కరిగెటలో, అంటే నాట్ల కోసం దున్ని బురద చేసిన మడిలో, అసలు దిగొద్దు. బురద బూటును పట్టేసుకుంటుంది, కాలొక్కటే పైకొస్తుంది. మా బాపు గట్టు మీద నిలబడి ఒకటే నవ్వు! గట్ల మీద, తూము దగ్గర తిరగడానికైతే బాగున్నాయి. పాముల టెన్షన్ కొంత తగ్గింది, అయినా టార్చి లేకుండా పోను. కాలికి పుండు ఉంటే మాత్రం వేసుకోవాల్సిందే, ఎలుకల మూత్రం కలిసిన పొలం నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు.

రాత్రి బోర్లించి పెట్టి, పొద్దున దులిపి వేసుకోండి. మావాటిలోంచి ఓసారి తేలు పడింది.