మొలస్కం బొడిపెలకు పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం: ఎప్పుడు ఆపాలో తెలిసినవాళ్ళకు మంచి మందు

చిన్న సీసా, లోపల నీళ్ళలా తేటగా ఉండే ద్రావణం, చాలా రకాల్లో మూతకే అతికించిన సన్నని బ్రష్. 5 శాతం, 10 శాతం బలాల్లో వస్తుంది. పిల్లల ఒంటిమీద వైరస్ వల్ల లేచి నెలల తరబడి వదలని మొలస్కం కంటేజియోజం బొడిపెలకు ఇంట్లోనే పెట్టగల మందుల్లో దీనికి మంచి మార్కులే వేయాలి. అయితే ఆ మార్కులు 5 శాతం ద్రావణానికి. 10 శాతం త్వరగా పనిచేస్తుంది, అంతే త్వరగా పుండు చేస్తుంది. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఇంట్లో దాని జోలికి పోకపోవడం మంచిది.

సీసా మూత తీసేముందు అది మొలస్కమేనని డాక్టరు చూసి చెప్పాలి. 2 నుంచి 5 మిల్లీమీటర్ల గుండ్రని బొడిపె, ముత్యంలా నునుపు మెరుపు, నడిమధ్య బొడ్డులాంటి చిన్న గుంట దాని గుర్తులు. పులిపిరి గరుకుగా ఉంటుంది, ఆ గుంట ఉండదు. మశూచి వైరస్ కుటుంబానికే చెందినదైనా ఇది అంత ప్రమాదకారి కాదు. చర్మం పైపొరలోనే బతుకుతుంది, రక్తంలోకి పోదు. అందుకే ఒంట్లోకి తీసుకునే మాత్రలకు, టానిక్కులకు ఇక్కడ పని లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఏ మందూ లేకుండానే చాలావరకు 6 నుంచి 18 నెలల్లో పోతుంది, కొందరికి మూడు నాలుగేళ్ళూ పట్టవచ్చు. దురద, గోకుడు, తామర (ఎగ్జిమా), బడిలో తోటిపిల్లల ఎగతాళి లేనప్పుడు మందు పెట్టకుండా ఊరుకోవడం కూడా సరైన వైద్యమే. ఆ మాట చెప్పే డాక్టరు నిర్లక్ష్యంగా మాట్లాడుతున్నట్టు కాదు.

ఈ ద్రావణం వైరస్‌ని చంపదు. గట్టి క్షారం కాబట్టి చర్మం పైన ఉండే కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌ని కరిగిస్తుంది, బొడిపె చుట్టూ మంట రేపుతుంది. పైపొర కణాల్లో దాక్కుని రోగనిరోధక శక్తి కంటపడకుండా తప్పించుకుంటున్న వైరస్ అప్పుడు బయటపడుతుంది. మిగతా పని ఒళ్ళే చేసుకుంటుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే వాడకంలో సగం తప్పులు జరగవు. ఎందుకంటే చాలామంది బొడిపె కరిగి రాలేదాకా పూస్తూ పోతారు. పూయవలసింది అది ఎర్రబడేదాకా మాత్రమే.

పెట్టే పద్ధతి ఇది. స్నానం తర్వాత ఒళ్ళు పూర్తిగా ఆరనివ్వాలి, తడి చర్మం మీద ద్రావణం పక్కకు పాకుతుంది. బొడిపె చుట్టూ ఉన్న మంచి చర్మానికి పెట్రోలియం జెల్లీ పలచగా వలయంలా రాయాలి, బొడిపె మీద మాత్రం పడకూడదు. బ్రష్‌ని సీసా అంచుకు రెండుసార్లు ఒత్తి, కారే చుక్కంతా పోయాక బొడిపె నెత్తిన తాకించాలి. రుద్దకూడదు. గుంట తడిస్తే చాలు. దూది చుట్టిన పుల్లలు వాడొద్దు, అవి ఎక్కువ పీల్చుకుని ఒత్తగానే చుట్టూ కారుస్తాయి. బ్రష్ లేని సీసా అయితే టూత్‌పిక్ మొద్దు కొస సరిపోతుంది, ఒకసారి వాడింది పారేసి మళ్ళీ కొత్తది తీసుకోవాలి. తర్వాత అయిదు నిమిషాలు ఆరనిచ్చి బట్టలు వేయాలి. చంకలు, మోచేతి మడతలు, మోకాలి వెనక భాగం ఆరేదాకా చాపి ఉంచాలి. లేకపోతే మడతకు అవతలి చర్మం కూడా కాలుతుంది. చివరగా పెట్టినవాళ్ళు చేతులు కడుక్కోవాలి.

సాధారణంగా రోజుకు రెండుసార్లు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. సున్నితమైన చర్మమైతే రాత్రి ఒక్కసారితో మొదలుపెట్టవచ్చు. మొదటిరోజు రెండు మూడు బొడిపెలకే పెట్టి, 24 గంటలు చూసి, తర్వాత మిగతావాటికి వెళ్ళడం తెలివైన పని. ముప్పై నలభై ఉంటే అన్నిటికీ ఒకేసారి మొదలుపెట్టకండి. పిల్లలు ఒక చేయి మంట ఓర్చుకుంటారు గానీ ఒళ్ళంతా మండితే రెండో రోజు సీసా చూడగానే పారిపోతారు. ముందు ఒక వైపు ముగించి తర్వాత రెండో వైపుకు వెళ్ళడం మేలు.

ఎర్రబడటం కొందరికి మూడో రోజే వస్తుంది, కొందరికి పది రోజులు దాటుతుంది. ఏ బొడిపె ఎర్రబడితే, లేదా పైన చిన్న పుండులా చెదిరితే, ఆ బొడిపెకు అక్కడితో ఆపేయాలి. పక్కది ఇంకా తెల్లగా మెరుస్తుంటే దానికి మాత్రం కొనసాగించాలి. ఏది ఆపామో రాత్రికి గుర్తుండదు కాబట్టి కాగితం మీద ఒంటి బొమ్మ గీసి, ఆపినవాటికి గుండ్రం చుట్టుకోవడం మంచిది. 14 రోజులైనా చలనం లేకపోతే ఇంకో వారం పూద్దాం అనుకోకుండా డాక్టరుకు చూపించాలి. ఎర్రబడినవి తర్వాత పక్కు కట్టి, ఎండి, కొన్ని వారాల్లో చదునవుతాయి.

ఇక్కడే అనవసరమైన భయం ఒకటి ఉంది. మందు పెట్టినా పెట్టకపోయినా, తగ్గే ముందు బొడిపెలు ఎర్రగా ఉబ్బుతాయి, కొన్నిట్లో చీములాంటిది కూడా కనిపిస్తుంది. అది చాలాసార్లు ఒళ్ళు వైరస్‌ని గుర్తించిందనడానికి సూచన. దాన్ని చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. ఎరుపు గంట గంటకూ పాకుతూ ఉన్నా, ముట్టుకుంటే వేడిగా ఉండి నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా అది వేరు. అప్పుడు ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కనురెప్పలు, పెదవులు, ముక్కు లోపలి అంచులు, మర్మాంగాల దగ్గర ఈ ద్రావణం పెట్టకూడదు. రెప్ప అంచున ఉన్న బొడిపె కంటిని ఎర్రబరిచి నీళ్ళు కారేలా చేస్తుంది, దాన్ని కంటి డాక్టరే తీయాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు, పుండ్లు పడ్డ చర్మానికి సొంతంగా పెట్టవద్దు. తామర ఉన్న పిల్లల్లో బొడిపెల చుట్టూ ఎర్రగా, పొడిగా దురద పుడుతుంది. గోకిన గోరే వైరస్‌ని పక్క చర్మంలో నాటుతుంది. అలాంటివాళ్ళకు ముందు ఆ తామరను అణచాలి, రోజూ మాయిశ్చరైజర్ రాయాలి, డాక్టరు రాసిన స్టెరాయిడ్ క్రీమ్‌ని బొడిపెలున్నాయని భయపడి మానకూడదు. చర్మం నెమ్మదించాకే ద్రావణం.

సీసా విషయంలో తయారీదారులు ఇంకా జాగ్రత్త తీసుకోవాలి. పిల్లలు తీయలేని మూత లేని సీసాకు మేం సగం మార్కులు కోసేస్తాం. ఇది మింగితే నోరు, అన్నవాహిక కాలుతాయి. అలా జరిగితే వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. కంట్లో పడితే కనీసం 20 నిమిషాలు పారే నీళ్ళతో కడిగి ఆ తర్వాత ఆసుపత్రికి. మూత సరిగ్గా పెట్టకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని నెమ్మదిగా పొటాషియం కార్బొనేట్‌గా మారి బలం తగ్గుతుంది. నిరుడు తెరిచిన సీసా పనిచేయలేదంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మిగతా మందుల పక్కన పెట్టి చూద్దాం. కాంథారిడిన్ 0.7 శాతం ద్రావణానికి 2023 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, రెండేళ్ళు దాటినవాళ్ళకు. దాన్ని ఇంట్లో పెట్టకూడదు. క్లినిక్‌లో మూడు వారాలకోసారి పెడతారు, 24 గంటలకు సబ్బు నీళ్ళతో కడగాలి, నీటి పొక్కు లేస్తుంది. రెండు పెద్ద పరీక్షల్లో మందు వాడినవాళ్ళలో 46, 54 శాతం మందికి 12 వారాల్లో బొడిపెలన్నీ పోయాయి, మందు కలపని ఉత్త ద్రావణం పెట్టినవాళ్ళలో 18, 13 శాతం మందికి. 2024 జనవరిలో అనుమతి వచ్చిన బెర్డాజిమర్ 10.3 శాతం జెల్ ఇంట్లో పెట్టేదే. రెండు ట్యూబుల్లోంచి సమానంగా తీసి కలిపి, రోజుకోసారి, 12 వారాల దాకా రాయాలి. ఓపిక కావాలి. ప్రధాన పరీక్షలో పూర్తిగా తగ్గినవాళ్ళు 32 శాతం, ఉత్త జెల్‌తో 20 శాతం. ఇమిక్విమాడ్ క్రీమ్ మాత్రం పిల్లల మొలస్కానికి దండగ. పిల్లల మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల్లోనూ అది ఉత్త క్రీమ్ కంటే మెరుగ్గా పనిచేయలేదు. అయినా ఇంకా చీటీల్లో కనిపిస్తూనే ఉంటుంది. గోకి తీసే పద్ధతి, అంటే క్యూరెటాజ్, అయిదారు బొడిపెలే ఉన్న ఓర్పుగల పిల్లలకు అన్నిటికంటే వేగం. మొద్దుబార్చే క్రీమ్ ముందే రాసి, పైన కప్పి, గంటసేపు ఉంచాలి. ఆ క్రీమ్ ఎంత మేర రాయాలన్నది వయసును, బరువును బట్టి డాక్టరే చెప్పాలి, ఎక్కువైతే ప్రమాదం.

ఏ మందు వాడినా ఇంట్లో కొన్ని మారకపోతే ఫలితం నిలవదు. తువ్వాలు, స్పాంజి ఎవరివి వాళ్ళకే ఉండాలి. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను ఒకే టబ్బులో కూర్చోబెట్టవద్దు. గోళ్ళు కురచగా కత్తిరించాలి. ఈతకు, కుస్తీలాంటి ఒళ్ళు తాకే ఆటలకు వెళ్ళేటప్పుడు నీరు చొరని పట్టీ వేయాలి. బడి మాన్పించనక్కర్లేదు. సూదితో గిల్లి తీయడం, ఘాటు వెనిగర్ రాయడం లాంటివి మచ్చలు మిగుల్చుతాయి.

మందు పెట్టినంత కాలం పక్కన కొత్తవి పుడుతున్నాయని చాలామంది పొటాషియం హైడ్రాక్సైడ్‌కి తక్కువ మార్కులు వేస్తారు. అది మందు లోపం కాదు. వైరస్ సోకాక బొడిపె తేలడానికి సాధారణంగా రెండు నుంచి ఏడు వారాలు, ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. ఇవాళ పుట్టింది ఎప్పుడో అంటుకున్నది. అందుకే చివరి బొడిపె పోయాక కూడా రెండు నెలలపాటు వారానికోసారి మంచి వెలుతురులో చంకలు, నడుము పక్కలు, తొడల లోపలివైపు వెతకాలి. చామనఛాయ, నలుపు చర్మంపై మందు పెట్టినచోట ముదురు మచ్చలు కొంతకాలం ఉండిపోవచ్చు. కొన్ని నెలల్లో పలచబడతాయి, ఈలోగా ఆ చోటుకు ఎండ తగలకుండా బట్ట కప్పాలి. మచ్చ మీద మళ్ళీ ద్రావణం పూయవద్దు. అక్కడ బొడిపె ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. చదునుగా ఉంటే అది మచ్చే.