కోనసీమకు మారాలంటే ముందు నీళ్లు చూడండి

2020 చివర్లో మియాపూర్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి, వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది కదా అన్న ధైర్యంతో కోనసీమ వచ్చేశాం. నేను, మా ఆవిడ, బడికెళ్లే అమ్మాయి. అంబాజీపేట దగ్గర ఒక ఊళ్లో అప్పటి నుంచీ అద్దెకే ఉంటున్నాం. మాకు ఇక్కడ చుట్టాలు లేరు, తాతల నాటి పొలాలూ లేవు. హైదరాబాద్ వదిలేద్దామనుకుంటున్న స్నేహితులు ఫోన్లు చేసి "ఎలా ఉంది? మేమూ రావచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట రాస్తున్నాను.

కోనసీమ ఉండదగ్గ చోటు. మేం వెనక్కి వెళ్లం. అయితే ఇక్కడ బతుకు ఎలా ఉంటుందన్నది జిల్లాను బట్టి కాదు, ఊరిని బట్టి ఉంటుంది. పది కిలోమీటర్లు అటైతే ఒకలా, ఇటైతే ఇంకోలా. ఆ తేడా తెచ్చేది నీళ్లే. సంక్రాంతికి వచ్చి, ప్రభల తీర్థం చూసి, ఆ ఊపులో ఇల్లు మాట్లాడుకోవద్దు. ఆగస్టులో ఒకసారి, మే నెలలో ఒకసారి వచ్చి చూడండి.

మా జాబితాలో మొదట నాలుగు చోట్లు ఉండేవి: వికారాబాద్, అరకు, మదనపల్లె, కోనసీమ. అరకు మొదటి వారంలోనే పోయింది. అది ఏజెన్సీ ప్రాంతం, 1/70 చట్టం కింద గిరిజనేతరులు అక్కడ భూమి కొనడానికి వీల్లేదు. ఎవరైనా "నోటరీ మీద రాయిస్తాం" అంటే వినకండి. చట్టం సంగతి అలా ఉంచి, అది గిరిజనుల భూమి, వాళ్లకే ఉండాలి. వికారాబాద్ హైదరాబాద్‌కు దగ్గర, అనంతగిరి గాలి బాగుంటుంది. కానీ చుట్టుపక్కల ఎక్కడ చూసినా గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లే. ఏ నగరాన్ని వదిలి రావాలనుకున్నామో అది వెనకే వస్తున్నట్టు అనిపించింది. మదనపల్లె వాతావరణం ఈ నాలుగింట్లో మేలైనది, అందులో రెండో మాట లేదు. నీళ్ల దగ్గరే మనసు ఒప్పలేదు. అక్కడ మేం మాట్లాడిన ప్రతి ఇంట్లోనూ బోరు ఎంత లోతుకు వేశారు, అది ఎప్పుడు ఎండిపోయింది అన్న కథే విన్నాం.

ఇక్కడ ముప్ఫై అడుగులు దించకుండానే మా ఇంటి ఫిల్టర్ పాయింట్‌కి, అంటే తక్కువ లోతు బోరుకి, తియ్యటి నీళ్లు పడ్డాయి. ఎక్కువ లోతుకు వెళ్తే ఉప్పు నీళ్లు తగులుతాయని బోరు మేస్త్రీ ముందే చెప్పి అక్కడే ఆపేశాడు. ఈ తియ్యటి నీళ్లన్నీ కాలువల చలవ. కాటన్ దొర 1852లో పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర, ఇప్పుడు దాని స్థానంలో ఉన్న బ్యారేజీ దగ్గర, గోదావరి నీళ్లు మూడు డెల్టాలకు చీలతాయి. మధ్య డెల్టా మాది. బొబ్బర్లంక దగ్గర మొదలైన కాలువ చీలి, మళ్లీ చీలి, మా వీధి చివర బోదె (చిన్న పిల్ల కాలువ) దాకా వస్తుంది. ఆ బోదెలో నీళ్లు పారినంత కాలం నేలలో ఊట ఉంటుంది, చేదబావిలో నీళ్లు చేతికి అందేంత పైన ఉంటాయి.

నా లెక్కలో కోనసీమ మూడు ముక్కలు.

మొదటిది లంకలు. గోదావరి పాయల మధ్య, ఏటిగట్టుకు నది వైపు ఉన్న ఊళ్లు. ఫొటోల్లో అందరికీ నచ్చేవి ఇవే. ఇల్లు వెతికేటప్పుడు పి.గన్నవరం వైపు ఒక లంకలో పెంకుటిల్లు చూశాం. ముందు వసారా, వెనక అరటి తోట, అద్దె కూడా తక్కువే. ఇంటి పెద్దాయన బేరం మాట్లాడకముందే మమ్మల్ని వసారా స్తంభం దగ్గరకు తీసుకెళ్లి, తన తల కంటే పైన చెయ్యి పెట్టి చూపించాడు. "ఇదండి ఎనభై ఆరు వరద. ఇక్కడి దాకా వచ్చిందండి. పిల్లతో ఉంటానంటున్నారు, చూసుకుని రండి బాబూ." ఇల్లు అద్దెకివ్వాల్సిన మనిషి ఆ మాట చెప్పాడు. ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ లంకల్లోకి పడవల మీద అన్నం పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు వెళ్లాయి. అంత పెద్ద వరద ఏటా రాదు. కానీ కనకాయలంక లాంటి చోట కాజ్‌వే మునగడానికి అంత వరద అక్కర్లేదు. గోదావరి కాస్త పొంగినా చాలు, పిల్లల బడికీ పాల క్యానుకీ పడవే గతి.

ఇక్కడికి వస్తే భద్రాచలం నీటిమట్టం చూడటం మీకూ అలవాటైపోతుంది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు. అక్కడ పెరిగిన నీళ్లు ఒకటి రెండు రోజుల్లో ధవళేశ్వరం చేరతాయి. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్లు రెండో హెచ్చరిక దగ్గరే గొడ్లను గట్టు మీదకు తోలేస్తారు.

రెండోది సముద్రం వైపు. సఖినేటిపల్లి, మలికిపురం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లో తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లు. అక్కడ గాలి బాగుంటుంది, చేపలు బాగుంటాయి, మనుషులు ఇంకా బాగుంటారు. నీళ్ల గురించి మాత్రం ఇంటింటికీ అడగాలి. పోటు సమయంలో సముద్రపు నీరు డ్రెయిన్ల గుండా పైకి ఎక్కుతుంది. చుట్టూ రొయ్యల చెరువులు ఉంటే ఉప్పు ఇంకా పాకుతుంది. కేశనపల్లి దగ్గర శంకరగుప్తం డ్రెయిన్ పక్కన కొబ్బరి తోటలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మొవ్వులు రాలిపోయి వట్టి మొండేలు నిలబడి ఉంటాయి. కొబ్బరిచెట్టు ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. అదే చచ్చిపోతోందంటే ఆ నేల సంగతేమిటో ఆలోచించండి. తీరం వైపు ఇల్లు చూస్తే గోడల అడుగు భాగం గోకి చూడండి. సున్నం పొడిపొడిగా రాలి కింద తెల్లగా ఉప్పు పొంగి ఉంటే, అద్దె ఎంత తక్కువైనా ఆలోచించాలి.

మూడోది మధ్య భాగం, గట్టుకు లోపల, సముద్రానికి దూరంగా ఉన్నది. అంబాజీపేట, అమలాపురం, కొత్తపేట చుట్టుపక్కల. మేం ఇక్కడే ఆగాం, అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతాను. ఇక్కడి బాధ వరద కాదు, ముంపు. వానాకాలంలో డ్రెయిన్లలో గుర్రపుడెక్క పేరుకుపోతే ఊరి నీళ్లు కిందికి దిగవు. పెరట్లో పాదాలు మునిగేలా నీళ్లు నిలిచి, తగ్గడానికి చాలా టైం పడుతుంది. దోమలు, చెమ్మ, బీరువాలో బట్టలకు బూజు. మా ఆవిడకు ఆస్తమా ఉంది కాబట్టి ఇది చిన్న విషయంగా చెప్పలేను. చివరికి ఎత్తు అరుగు మీద కట్టిన ఇల్లు దొరికాక కుదుటపడ్డాం. ఇల్లు చూసేటప్పుడు రోడ్డు మట్టం కంటే అరుగు ఎంత ఎత్తులో ఉందో చూడండి. ఈ మధ్య సిమెంట్ రోడ్లు ఒకదాని మీద ఒకటి వేసి ఎత్తు పెంచడంతో పాత ఇళ్లు చాలా పల్లంలో పడిపోయాయి.

ఇక మే నెల. రబీ కోతలయ్యాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. ఈలోపు బోదెలు ఎండిపోతాయి, ఊట తగ్గుతుంది. పంచాయతీ కుళాయి నీళ్లు ముందే నింపి పెట్టుకున్న చెరువు నుంచి వస్తాయి. మే చివరికి వాటి రంగు, వాసన మారతాయి. అప్పటికీ ఫిల్టర్ పాయింట్ నీళ్లు తియ్యగా ఉంటే ఆ ఊరు ఖాయం చేసుకోవచ్చు. ఉక్కపోత గురించి చెప్పక్కర్లేదు. ఎండ హైదరాబాద్ కంటే ఎక్కువేం కాదు, చెమటే ఆరదు.

తుఫాన్ల సంగతి. 1996 నవంబరు 6 గురించి ఇక్కడ నడివయసు దాటిన ఎవర్ని కదిపినా చెబుతారు. నేను చూసింది 2025 అక్టోబరు 28 రాత్రి, మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు. మట్టలూ కాయలూ రేకుల మీద పడుతున్న చప్పుడు తెల్లవార్లూ ఆగలేదు. మా అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. పొద్దున్నే లేచి చూస్తే పక్కింటివాళ్ల రెండు చెట్లు మా పెరటి గోడ మీద అడ్డంగా ఉన్నాయి. మేం తలుపు తీసేసరికే ఆ ఇంటి కుర్రాళ్లు కత్తులు పట్టుకుని వచ్చి నరకడం మొదలుపెట్టారు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు కాబట్టి హెచ్చరిక రాగానే ట్యాంకు, బిందెలు, బకెట్లు అన్నీ నింపుకోవాలి. ఇన్వర్టర్ తప్పనిసరి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇంకో మాట. ఫైబర్ లైన్ కొబ్బరిచెట్ల మధ్య నుంచి వస్తుంది, ఒక మట్ట పడితే తెగుతుంది. రెండు వేరువేరు కంపెనీల కనెక్షన్లు పెట్టుకోండి. మొబైల్ నెట్ మీదే ఆధారపడితే టెన్షన్ తప్పదు. ఆ సంగతి 2022లో అందరికీ తెలిసొచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ వేరే జిల్లా అయ్యింది. దానికి అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ తర్వాత చాలా రోజులు మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని జిల్లా దాటి వెళ్లి పనిచేసుకున్నారు.

నెట్ తిరిగొచ్చింది. ఆ రోజుల్లో బయటపడినది మాత్రం అంతకు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో నోటి చివర ఆగిపోయే ప్రశ్న ఇక్కడ మొదటి పది నిమిషాల్లోనే వస్తుంది: "మీరేవిట్లండి?" అంటే మీ కులమేంటని. ఇల్లు దొరకడం, ఏ వీధిలో దొరకడం, ఎవరింట్లో కాఫీ ఇస్తారన్నది ఆ జవాబు మీద ఆధారపడుతుంది. దళిత కుటుంబానికి చెందిన నా సహోద్యోగి ఒకరు ఇక్కడికి వద్దామని ఇళ్లు చూసి, రెండు చోట్ల "ఇప్పుడే వేరేవాళ్లకి మాటిచ్చామండి" అనిపించుకుని అమలాపురం టౌన్‌లో తీసుకున్నారు. ఇది రాయకుండా కోనసీమ మర్యాదల గురించి రాస్తే అబద్ధం అవుతుంది. ఆ మర్యాదలూ నిజమే. మా ఆవిడకు జ్వరం వస్తే ఎదురింటి పిన్నిగారు చెప్పకుండానే చారు, అన్నం పంపించారు. "ఆయ్, పొట్టిక్కలు వేశానండి, అమ్మాయికి ఇష్టమని" అంటూ పనసాకు బుట్టల్లో వేడివేడిగా తెచ్చి ఇచ్చే చేతులు ఉన్నాయి. రెండూ ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటాయి.

వైద్యం: మామూలు జబ్బులకు అమలాపురం చాలు. గుండె, తలకు దెబ్బ లాంటివైతే కాకినాడో రాజమండ్రో పోవాలి, అంబులెన్స్‌లో కూడా గంటకు పైనే. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే రావులపాలెం వైపు, హైవేకు దగ్గరగా చూసుకోవడం మంచిది. బడులకు కొదవ లేదు. రైలు మాత్రం లేదు. కోటిపల్లి-నరసాపురం లైను ఏళ్ల తరబడి కడుతూనే ఉన్నారు. హైదరాబాద్‌కు రాత్రి బస్సు, లేదా రాజమండ్రి వెళ్లి రైలు.

ఖర్చు విషయంలో ఒక భ్రమ ఉంది. అద్దె మియాపూర్‌లో కట్టినదాంట్లో మూడో వంతు. కూరగాయలు, పాలు, చేపలు బాగా తక్కువలో వస్తాయి, పులస మాట వేరు. భూమి ధర మాత్రం గుండె ఆగేలా ఉంటుంది. ఇంటికొకరు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండటంతో ఆ డబ్బంతా ఈ కొద్ది నేల మీదే పడుతోంది. కొబ్బరి తోట కొని ఆ ఆదాయంతో బతుకుదామనుకుంటే ముందు ఏడాది పాటు అంబాజీపేట మార్కెట్‌లో వెయ్యి కాయల ధర రాసుకోండి. అది నెల నెలా ఎలా ఊగుతుందో తెలుస్తుంది. దింపు కూలి, ఒలుపు కూలి తీసేయండి. తెల్లదోమ వచ్చాక దిగుబడి ఎంత పడిపోయిందో పక్క తోట రైతును అడగండి. చెట్టెక్కే కుర్రాళ్లు తగ్గిపోయి, దింపు మనిషి కోసం ఇప్పుడు వారం ముందే చెప్పుకోవాలి.

కొనే పక్షంలో ప్రభుత్వ భూమి రికార్డుల సైట్ మీభూమిలో 1బి, అడంగల్ (హక్కు, సాగు రికార్డులు) చూసుకోవడం, ఈసీ (పాత అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించడం, రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడటం అందరూ చెప్పేవే. లంక భూములు, డీ పట్టాల (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూముల) జోలికి వెళ్లొద్దు. ఇక్కడ నేను అదనంగా చెప్పేది పంపకాల గురించి. చాలా ఆస్తులు అన్నదమ్ముల మధ్య నోటి మాట మీదే పంచుకున్నవి. ఒకరు ఊళ్లో సాగు చేస్తుంటారు, ఇంకొకరు దేశం బయట ఉంటారు. ఊళ్లో ఉన్నాయన ఎంత మంచివాడైనా ఆ ఒక్క సంతకంతో సరిపెట్టుకోవద్దు. మేం ఇల్లు కట్టుకోవడానికి చూసుకున్న స్థలం అన్ని విధాలా బాగుంది: మెరక, కాలువకు దగ్గర, మే నెలలో కూడా నీళ్లు తియ్యగా ఉన్నాయి. యజమాని తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. అతను సెలవు మీద వచ్చి రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెడతానన్నాడు. అప్పటిదాకా బయానా ఇవ్వడం లేదు.